అక్కసుకు ఇంగ్లీషు పేర్లు



నేను ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్న దినములలో మా ఇంగ్లీషు మాస్టరుగారు వారమునకొక దినము మాచేత అనువాదము చేయించుచుండెడివారు. ఒకనాడాయన నల్లబల్లపై అయిదు ఇంగ్లీషు వాక్యములు వ్రాసి, వానిని తెలుగు చేయుడని చెప్పి కుర్చీలో కూర్చుండిరి. మొదటి వాక్యములో మాలిస్ అను మాటయు, రెండవదానిలో స్పైట్, మూడవదానిలో ఎన్వీ, నాలుగవదానిలో గ్రడ్జ్, కడపటిదానిలో ర్యాంకర్ అను మాటలును ఉండెను. నేను నా యొద్దనున్న చిన్న నిఘంటువును త్రిప్పి చూచి, అయిదింటికిని ద్వేషమనియే వ్రాసి, తరగతిలో అందరికంటె ముందుగా నోటుపుస్తకమిచ్చితిని. మాస్టరుగారు కోపపడలేదు. "అబ్బాయీ, మీరంటే గిట్టక బావిగట్టున మీ చేద దాచినవాడూ, మీ గడ్డివామికి నిప్పు పెట్టినవాడూ నీకు ఒక్కటేనా?" అని మాత్రమడిగిరి. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయితిని. ఈ ప్రసంగములో ఆ జవాబు చెప్పుటకు ప్రయత్నించెదను.

స్పైట్ అను మాట చూచుటకు చిన్నది. వంశము మాత్రము పెద్దది. లాటిన్ భాషలో క్రిందికి చూచుట అను అర్థముగల ధాతువునుండి పుట్టిన డెస్పెక్టస్ అను శబ్దము ప్రాచీన ఫ్రెంచిలో డెస్పిట్ అయి, ఇంగ్లీషులో ప్రవేశించి డిస్పైట్ అయి, పిదప తల తెగి స్పైట్‌గా మిగిలినది. కాబట్టి తొలుత దీని యర్థము తృణీకారము, అనగా ఎదుటివానిని గడ్డిపరకగా ఎంచుట. ఎత్తున నిలిచి క్రిందికి చూచు గర్విష్ఠుని భావము, శతాబ్దములు గడచిన కొలది, బాహాటముగా ఏమియు చేయజాలక చిన్న చిన్న అపకారములతో తృప్తిపడువాని భావముగా దిగజారినది. ఆ దిగజారుటలో ఒక సత్యమున్నదని నాకు తోచును. ఒకనిని నిజముగా గడ్డిపరకగా ఎంచినవాడు వానికి అపకారము చేయుటకై రాత్రులు మేలుకొనడు.

స్పైట్ యొక్క ప్రధాన లక్షణమేమనగా, అది లాభమును కోరదు. దొంగకు ధనము కావలెను, శత్రురాజునకు రాజ్యము కావలెను. ఈ గుణము పూనినవానికి ఎదుటివాని నష్టము తప్ప మరేమియు అక్కరలేదు, ఆ నష్టము కొరకు తాను నష్టపడుటకైనను అతడు వెనుదీయడు. ముఖముమీది కసితో ముక్కు కోసికొన్నాడని ఇంగ్లీషువారు చెప్పుదురు. పొరుగువాని ప్రయాణమునకు అపశకునము కావలెనని తన ముక్కు కోసికొన్నవాడు మన సామెతలలోను ఉన్నాడు. సవతి పసుపుకుంకుమలు పోవుటకై తన పసుపుకుంకుమలను గూడ పోగొట్టుకొన సిద్ధపడిన ఇల్లాలిని గూర్చిన సామెత ఇంకను కఠినమైనది; దానిని యథాతథముగా ఇచట ఉచ్చరించుటకు నాకు మనసొప్పలేదు గాని, ఈ మనోవికారము యొక్క అడుగు తాకి చూచిన సామెత అది.

అమెరికా దేశములో ఈ గుణము కొయ్యతోను ఇటుకలతోను కట్టబడి కంటికి కనబడినది. అక్కడ స్పైట్ ఫెన్స్ అనియు స్పైట్ హౌస్ అనియు మాటలే పుట్టినవి. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి నాబ్ హిల్ మీద, సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గమును నిర్మించిన నలుగురు ధనికులలో ఒకడైన చార్లెస్ క్రోకర్ గొప్ప భవనము కట్టుకొని, చుట్టుపట్ల స్థలములన్నియు కొనుచు వచ్చెను. అంత్యక్రియల ఏర్పాట్లు వృత్తిగాగల నికొలస్ యుంగ్ అను జర్మను వాని చిన్న యిల్లు మాత్రము బేరము కుదరక మిగిలిపోయెను. క్రోకర్ 1870 తరువాతి దశాబ్దమున ఆ యింటికి మూడువైపుల సుమారు 40 అడుగుల ఎత్తున కొయ్యదడి కట్టించెను. ఆ చిన్న యింటికి ఎండ పోయినది, గాలి పోయినది. ఆ దడివలన క్రోకర్‌కు ఒరిగినదేమి? తన భవన వైభవము ప్రక్కనే అంతటి వికారపు కట్టడము నిలుచుట అతని కంటికి మాత్రము ఇంపగునా? అయినను నిలిపెను. అంతకు పూర్వమే, 1830లో, వర్జీనియా రాష్ట్రమందలి అలెగ్జాండ్రియా పట్టణములో జాన్ హాలెన్స్‌బరీ అను నతడు తన యింటి ప్రక్క సందులో బండ్లు తిరుగుటయు, పనిలేనివారు గుమిగూడుటయు సహింపలేక, ఆ సందులోనే ఇరుప్రక్కల గోడలకు నడుమ 7 అడుగుల వెడల్పున ఒక యిల్లు కట్టి దారి మూసివేసెను. హాలెన్స్‌బరీ విసుగును అర్థము చేసికొనవచ్చును. క్రోకర్ దడిని క్షమించుట నావలన కాదు. రెండింటికిని ఒకే పేరు పెట్టిన ఇంగ్లీషు భాష కూడ ఇచ్చట కొంచెము తొందరపడినదని నా యభిప్రాయము.

మాలిస్ వేరు. లాటిన్‌లో చెడ్డ అను అర్థముగల మాలుస్ అను విశేషణమునుండి పుట్టిన ఈ మాటలో చిన్నతనము లేదు, చిలిపితనము లేదు. బుద్ధిపూర్వకముగా కీడు తలపెట్టుట ఉన్నది. ఇంగ్లండు న్యాయశాస్త్రము ఈ మాటను తక్కెడలో పెట్టి తూచినంత శ్రద్ధగా మరి ఎవ్వరును తూచలేదు. హత్యానేరమున కొక విధమైన మాలిస్ ఉండవలెనని ఆ శాస్త్రము చెప్పుచునే, అచ్చట దాని యర్థము కేవలము సంకల్పమే గాని పగ కానక్కరలేదని వివరించినది. పొరుగువారి తగవులలో ఈ మాటకు పట్టిన గతి మరింత ఆసక్తికరమైనది గనుక దానిని కొంచెము విపులముగా చెప్పుటకు శ్రోతలు అనుమతింతురుగాక.

లండను నగరమందలి బ్రిక్స్‌టన్ పేటలో ఒకే గోడ కిరువైపుల రెండు కుటుంబములు కాపురముండెడివి. క్రిస్టీ వారి యింట సంగీతము చెప్పు ఇల్లాలు. గాత్రము, పియానో, వాయులీనము, అభ్యాసము చేయువారును నేర్చుకొనువారును. పొరుగింటి డేవీ కొయ్యపై చిత్రములు చెక్కుకొని జీవించువాడు. అతడు మొదట తన విసుగును ఒక జాబులో వెళ్లబోసికొనెను. ఫలము లేకపోగా, అవతల సంగీతము మొదలైనప్పుడెల్ల ఇవతల ఉమ్మడి గోడను బాదుట, పళ్లెములు మ్రోగించుట, ఈలలు వేయుట, కేకలు పెట్టుట ఆరంభించెను. అతని బాధ నిజమైనదే కావచ్చును. 1893లో ఈ వ్యాజ్యము విన్న న్యాయమూర్తి నార్త్, డేవీ చేసిన చప్పుడు ఎంతటిదని మాత్రమే చూడక, ఏ యుద్దేశముతో చేసెననియు చూచి, కేవలము పొరుగువారిని పీడించుటకై మాలిస్‌తో చేసిన చప్పుడని నిర్ణయించి, దానిని మానవలసినదిగా ఉత్తరువు చేసెను.

రెండేండ్లకే, 1895లో, ప్రభువుల సభ ఎదుటికి మరియొక తగవు వచ్చెను. బ్రాడ్‌ఫర్డ్ నగరమునకు మంచినీరు ఇచ్చు ఊటలకు ఎగువన ఎడ్వర్డ్ పికిల్స్ అను నతనికి భూమి కలదు. అతడు తన భూమిలో గోతులు త్రవ్వి భూగర్భజలమును దారి మళ్లించెను. నగరమువారు తన భూమిని మంచి ధరకు కొనవలెనన్నదే అతని లోపలి కోరిక యని నగర పాలకులు వాదించిరి. ప్రభువుల సభ అతనినే గెలిపించినది: తన భూమిలో తనకు హక్కుగల పని చేసినపుడు, ఆ పని వెనుకనున్న బుద్ధి ఎట్టిదైనను అది చట్టవిరుద్ధము కాజాలదు. ఆ తీర్పులో మాక్నాటెన్ ప్రభువు పికిల్స్‌ను గూర్చి వాడిన విశేషణము గమనింపదగినది. అతడు చర్లిష్, అనగా మొరటువాడు, కావచ్చును, స్వార్థపరుడు కావచ్చును అని ఒప్పుకొనెను గాని మాలిస్‌తో చేసినవాడని అనలేదు. ఏలయనగా పికిల్స్‌కు కావలసినది డబ్బు, నగరవాసుల దాహము కాదు. న్యాయాధీశుడు మాటను ఎంత జాగ్రత్తగా ఏరుకొనెనో చూడుడు!

మరల నలువదియొక సంవత్సరములకు, 1936లో, వెండి నక్కలను పెంచు ఒక క్షేత్రము యజమాని తన పొరుగువాడైన ఎమ్మెట్ పై వ్యాజ్యము వేసెను. ఎమ్మెట్ తన పొలమును ఇండ్ల స్థలములుగా అమ్ముకొనదలచి, నక్కల క్షేత్రపు ప్రకటన ఫలకము కొనవచ్చువారిని బెదరగొట్టునని దానిని తీసివేయుమని కోరి, వారు నిరాకరింపగా, ఆడనక్కలు ఈనెడి కాలమున సరిహద్దు ప్రక్కనే తుపాకులు కాల్పించెను. ఆ జంతువులు బెదరినచో జతకట్టవు, కట్టినను పిల్లలను చంపుకొనును. తన భూమిలో తుపాకి కాల్చుకొనుట తన హక్కే గదా, పికిల్స్ గెలువలేదా అని ఎమ్మెట్ పక్షమువారు వాదించిరి. న్యాయమూర్తి అంగీకరింపలేదు, చప్పుడు విషయమున ఉద్దేశము ముఖ్యమనియు, ఇది మాలిస్ అనియు తీర్పు చెప్పెను. ఆ న్యాయమూర్తి పేరు సర్ మాల్కమ్ మాక్నాటెన్. పికిల్స్ తీర్పులో చర్లిష్ అను మాటను ఏరిన ప్రభువునకు ఆయన కుమారుడు. తండ్రి మాలిస్ అను మాటను వాడరానిచోట వాడలేదు. కుమారుడు వాడవలసినచోట వాడెను. ఇద్దరిదియు ఒకే శ్రద్ధ.

మన దేశమున 2024 వరకు అమలులోనుండిన శిక్షాస్మృతిలోను ఈ మాట ఉండెను. 1927లో చేర్చబడిన 295ఎ విభాగము, మతభావములను అవమానించుట నేరమగుటకు ఆ పని బుద్ధిపూర్వకమును మాలిస్‌తో కూడినదియు కావలెనని నియమించినది. పొరపాటున నోరు జారినవానికిని, గాయపరచుటకే మాటను పదునుపెట్టినవానికిని నడుమ గోడగా అచ్చట నిలిచినది ఆ యొక్క మాటయే. దానిని తెలుగున ద్వేషమని తేల్చివేసినచో ఆ గోడ పడిపోవును.

ఇక ఎన్వీ. లాటిన్ ఇన్‌విడియా దీనికి తల్లి. ఆ మాటలో చూపును తెలుపు ధాతువున్నది. ఓర్వలేని కన్నుతో చూచుటయే ఎన్వీ. ఫ్రాన్సిస్ బేకన్ 1625లో వెలువరించిన వ్యాససంపుటిలో ఈ గుణమును గూర్చి వ్రాయుచు, దీనిని దృష్టిదోషముతో ముడిపెట్టెను. ఇచ్చట ఇంగ్లీషు చదువని తెలుగు ఇల్లాలు కూడ బేకన్ సరసన కూర్చుండగలదు. పొరుగింటివారు కొత్త ఎద్దులను కొన్నచో మనకు కన్నుకుట్టును. కన్నుకుట్టినవారు కళ్లలో నిప్పులు పోసికొందురు. అట్టివారి దృష్టి తగులకుండ మనము పసిపిల్లలకు దిష్టి తీయుదుము. లాటినుకును తెలుగునకును ఏ బంధుత్వమును లేకపోయినను, రెండు జాతులును ఈ గుణమునకు నివాసము కన్నే యని కనిపెట్టినవి. సంస్కృతమున అమరసింహుడు మరియొక మెట్టు పైకి పోయి, ఓర్వలేకపోవుటను ఈర్ష్య యనియు, గుణములున్నచోట దోషములను ఆరోపించుటను అసూయ యనియు విడదీసెను. ఈ భేదము ఇంగ్లీషులో ఒక్క మాటతో చెప్పుటకు లేదు. మనమో, చేతనున్న ఈ భేదమును మరచి, రెండింటిని పర్యాయపదములుగా వాడుకొనుచున్నాము.

గ్రడ్జ్ అను మాట గొణుగుటనుండి వచ్చినది. ప్రాచీన ఫ్రెంచిలో గొణుగుట, సణుగుట అను అర్థముగల క్రియ దానికి మూలము. బయటికి చెప్పని ఫిర్యాదు లోపల ఏండ్ల తరబడి గొణుగుచునే యుండుట గ్రడ్జ్. మన కచ్చ దీనికి సరితూగును. ర్యాంకర్ వాసననుబట్టి పుట్టినది. చెడిన నూనె వాసనను తెలుపు ర్యాన్సిడ్ అను మాటకు తోబుట్టువు. మూతవేసి యుంచిన పగ లోపల కుళ్లి వాసన కొట్టుట అందులోని భావన. కుళ్లుబోతు అని మనము తిట్టునపుడు మనము చేయుచున్నదియు అదే.

మాస్టరుగారి అయిదు మాటలలో లేకపోయినను, మీన్ అను మాటను గూర్చి నేను కొంచెము ఆవేదనతో మాటలాడవలసి యున్నది. ప్రాచీనాంగ్లమున దాని యర్థము ఉమ్మడి, అందరికిని చెందినది, సామాన్యము. సామాన్యుడు అనుటనుండి తక్కువవాడు అనియు, తక్కువవాడు అనుటనుండి నీచుడు, పిసినారి, క్రూరుడు అనియు అర్థము జారిపోయినది. ఇట్లు జారిన మాట ఇది యొక్కటే కాదు. విలన్ అనగా మొదట పల్లెలో దొర భూమిని దున్నుకొను సేద్యగాడు. బూర్ అనగా రైతు. నేవ్ అనగా కుఱ్ఱవాడు, పిదప సేవకుడు. మాక్నాటెన్ ప్రభువు పికిల్స్‌కు పెట్టిన చర్లిష్ అను మాటకు మూలమైన చర్ల్ అనగా ప్రాచీనాంగ్ల సమాజమున స్వతంత్రుడైన సామాన్య పౌరుడు. సి. ఎస్. లూయిస్ 1960లో ప్రకటించిన స్టడీస్ ఇన్ వర్డ్స్ అను గ్రంథములో, అంతస్తును తెలుపు మాటలు క్రమముగా గుణమును తెలుపు మాటలుగా మారుటను చక్కగా పరిశీలించెను. నాకు మాత్రము ఈ పరిణామమునందు పాండిత్యపు ఆసక్తితోపాటు నొప్పియు కలుగుచున్నది. కోట లోపల కూర్చుండి కుట్రలు పన్నినవారు తమ దుర్గుణములకు పేర్లు కావలసివచ్చినప్పుడు, కోట వెలుపల పొలము దున్నుచున్నవాని పేరు తీసికొని పెట్టినారు. మనమును తక్కువ తినలేదు. ఊరివాడు అను అర్థముగల గ్రామ్య శబ్దమును అసభ్యమునకు పర్యాయముగా వాడుకొన్న పండితులము మనమే.

స్త్రీలపట్లను ఇట్టి అన్యాయమే జరిగినది. సూటిపోటి మాటలాడుటను పిల్లిపేరుతో క్యాటీ అందురు, దానిని స్త్రీలకే అంటగట్టుదురు. చుంచును పోలిన చిన్న జంతువు పేరైన ష్రూ గయ్యాళి భార్యకు పేరైనది. అదే మూలమునుండి పుట్టిన ష్రూడ్ మొదట దుష్టుడనియే అర్థమిచ్చి, పిదప పురుషుల వ్యాపార చాతుర్యమునకు మెచ్చుకోలుగా మారిపోవుట గమనింపుడు. నేను ఇప్పటివరకు చెప్పిన కథలను శ్రోతలొకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక: దడి కట్టినవాడు, సందు మూసినవాడు, పళ్లెములు మ్రోగించినవాడు, నక్కలను బెదరించినవాడు, అందరును పురుషులే. షేక్‌స్పియర్ సృష్టించిన పాత్రలలో ద్వేషమునకు పరాకాష్ఠయైన ఇయాగో పురుషుడే. అతని ద్వేషము కారణమునుండి పుట్టినది కాదనియు, పుట్టిన పిదప కారణములను వెదకికొన్నదనియు కోల్‌రిడ్జ్ కనిపెట్టెను.

షెరిడన్ 1777లో ప్రదర్శింపజేసిన ది స్కూల్ ఫర్ స్కాండల్ అను నాటకములో ఈ గుణములు మనుష్యుల పేర్లై రంగస్థలముమీద నడచినవి. వెక్కిరింపునకు పేరైన స్నీర్‌వెల్ దొరసాని, వెనుకనుండి కరచు బ్యాక్‌బైట్ దొర, పాము పేరుగల స్నేక్. అందరికంటె ప్రమాదకరమైన పాత్రకు మాత్రము షెరిడన్ మంచి పేరు పెట్టెను: క్యాండర్, అనగా నిష్కాపట్యము. ఆమె ఎవరిని గూర్చియు చెడ్డ మాట నమ్మనని పదే పదే చెప్పుచు, ఆ చెడ్డ మాటలన్నింటిని ఇల్లిల్లు తిరిగి చేరవేయును. వెనుక కరచుట అని ఇంగ్లీషువారనిన పనిని మనము చెవి కొరుకుట అందుము. కరచునది వెన్నునా, చెవినా అన్నంతే భేదము. కొండెము, చాడీ, పైశున్యము అను మాటలు మనకు ఉండగా, ఇట్టి కథలను తెలుగు చేయువారు నింద యను ఒక్క మాటతో తృప్తిపడుట ఏమి?

ఇంగ్లీషు భాష తనకు లేని మాటను ఎరువు తెచ్చుకొన్న సందర్భమొకటి కలదు. ఎదుటివాని ఆపదను చూచి లోలోపల సంతోషించుటకు జర్మనులు షాడెన్‌ఫ్రాయిడ అందురు. షాడెన్ అనగా నష్టము, ఫ్రాయిడ అనగా ఆనందము. నేథన్ బెయిలీ 1721 నాటి తన నిఘంటువులో దీనికొక గ్రీకు మాటను చేర్చి చూచెను గాని అది ఎవ్వరి నోటను నిలువలేదు. తరువాత డబ్లిన్ నగరమునకు ఆర్చిబిషప్పు అయిన రిచర్డ్ ట్రెంచ్, మాటలను గూర్చి తాను చేసిన ఉపన్యాసములలో జర్మను మాటను ప్రస్తావించి, ఏ భాషలోనైనను ఇట్టి మాట యుండుట భయంకరమని బాధపడెను. ట్రెంచ్ మహాశయునిపై గౌరవముతోనే నేను విభేదింతును. ఆ భావము ఇంగ్లండులోను ఉన్నది, మన వీధిలోను ఉన్నది. పేరు లేనందున అది లేకపోదు, గుర్తింపబడక తిరుగుచుండును.

లండనులో రోజెట్ తన ప్రసిద్ధమైన థెసారస్‌ను 1852లో ప్రకటించెను. అందులో మేలు కోరుటను తెలుపు మాటలకు ఎదురుగా కీడు కోరుటను తెలుపు మాటలు వరుసదీరి యున్నవి. అదే సంవత్సరమున మదరాసులో బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చైనది. ఇంగ్లీషు మాటలు అచ్చట పోగుపడుచున్నపుడే మన మాటలు ఇచ్చట పోగుపడినవి. ఈర్ష్యకు వికృతియైన ఈసు, కచ్చ, కసి, కడుపుమంట, ఉక్రోషము, ఓర్వలేనితనము మన పెద్దల నోట సజీవముగా ఆడిన మాటలు. స్పైట్‌కు అక్కసు సరిపోవును. ఇంతకంటె దగ్గరి మాట నాకు దొరకలేదు.

మాస్టరుగారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. చేద దాచినవానిది అక్కసు, గడ్డివామికి నిప్పు పెట్టినవానిది మాలిస్; మొదటివానిని రెండవవాని పేరుతో పిలుచుట వానికి మనము చేయు అన్యాయము. ఉపాధ్యాయులకును అనువాదకులకును నా మనవి యొక్కటే. ద్వేషమని వ్రాయబోవు ముందు ఒక్క నిమిషమాగి, ఆ వాక్యములోని మనుష్యుడు ఏమి చేసెనో చూడుడు. శ్రోతలలో పెద్దలైనవారు, తమ ఊళ్లలో ఇట్టి గుణములకు వాడు మాటలను, అవి ఏ పనికి ఏ సందర్భమున వాడబడునో ఆ వివరముతో సహా, ఒక కాగితముమీద వ్రాసి యుంచవలెనని ప్రార్థించుచున్నాను.